ఇచ్చు చేయి, పుచ్చుకొను చేయి

(మహాసభ రెండవ దినమున గావించిన యుపన్యాసము)

   

కార్యదర్శిగారు నన్ను ఈ వేదికపై నాలుగు మాటలు చెప్పుమని కోరినప్పుడు నేను మొదట సంకోచించితిని. ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో బాలురచేత శబ్దములు, ధాతువులు, సంధులు వల్లె వేయించినవాడను. అట్టివానికి విద్యావిషయము గాని పురాణవిషయము గాని దొరకినచో మాటలాడుట సుకరము. కాని వారు "మొన్నటి మహమ్మారి కాలమున వృద్ధులు పొందిన సాయము, చేసిన సాయము" అని విషయమును తామే నిర్ణయించి పంపిరి. ఈ విషయమున నాకు చెప్పదగినది కొంతయు, ఒప్పుకొనదగినది కొంతయు కలదు. ఒప్పుకొనదగినదే యెక్కువ. కావున తప్పించుకొనుట న్యాయము కాదని తలంచి మీ యెదుట నిలిచితిని.

కష్టము గడచిన వెనుక మనుష్యుడు దానిని త్వరగా మఱచును. మఱచుట యొకవిధముగా దేవుడిచ్చిన వరమే. ఐనను సంఘము మఱవరాదు. అందుచేత ముందుగా ఆ దినములను క్రమముగా స్మరింతము. 2020 మార్చి 11న ప్రపంచారోగ్యసంస్థ కోవిడు వ్యాధిని ప్రపంచవ్యాప్తమైన మహమ్మారిగా ప్రకటించెను. ఆ నెల 22న జనతా కర్ఫ్యూ జరిగెను. 25వ తేదీ నుండి దేశమంతట లాక్‌డౌను అమలయ్యెను. మొదట ఇరువదియొక్క దినములనిరి, పిదప పొడిగించిరి. రైళ్లు నిలిచినవి. సిరిసిల్లలో రాత్రింబవళ్లు మ్రోగుచుండిన సాంచాలు ఒక్కసారిగా మూగవోయినవి. చేనేత యిండ్లలో మగ్గముపై పడుగు ఎక్కినది ఎక్కినట్లే యుండెను. పేకకు నూలు లేదు, నేసిన గుడ్డకు కొనువాడు లేడు. భీవండిలోను, షోలాపురములోను, సూరతులోను ఉన్న మన బిడ్డలు అచ్చటనే చిక్కుకొనిరి. వలస కార్మికులకై ఏర్పరచిన మొదటి శ్రామిక రైలు 2020 మే 1న మన లింగంపల్లి నుండియే ఝార్ఖండునందలి హటియాకు బయలుదేరెను. మనవారును ఆ నెలలలో దొరకిన వాహనము నెక్కి యిండ్లకు మరలిరి. మరుసటి సంవత్సరము ఏప్రిలు, మే నెలలలో రెండవ యుద్ధృతి వచ్చెను. ప్రాణవాయువు కొఱకు జనులు వైద్యశాలల వాకిండ్లలో పడిగాపులు పడిరి. తుదకు 2023 మే 5న ఆ యత్యవసరస్థితి ముగిసినదని ప్రపంచారోగ్యసంస్థ చెప్పెను.

ఇందు వృద్ధుల విషయమున నొక విశేషము కలదు. వంద సంవత్సరములకు పూర్వము, 1918లో, బొంబాయి రేవునుండి వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున కోటి యిరువది లక్షలు మొదలు రెండు కోట్ల వఱకు జనులను పొట్టన బెట్టుకొన్నదని పండితులు లెక్కగట్టిరి. ఆ వ్యాధి విశేషముగా ఇరువది, నలువది యేండ్ల నడుమనున్న వయస్కులను హరించెను. మా నాయనమ్మ చెప్పుచుండెడిది: ఆమె తల్లియు తండ్రియు పక్షము దినముల లోపల గతింపగా, ఆమెను, పాలు మఱువని తమ్ముని ఇంటిలోని ముసలి యవ్వ పెంచెనట. అవ్వ పగలు కండెలు చుట్టి, రాత్రి పిల్లలకు గంజి కాచి, వారిని మనుష్యులను చేసెనట. అనగా నాటి కష్టమున ఇల్లు నిలిపినది వృద్ధురాలు. నేటి కోవిడు దీనికి విపరీతము. ఇది వృద్ధులపైననే ముందుగా చేయి వేసెను. ఏండ్లు మీఱిన కొలది ప్రాణభయము హెచ్చెను. అందుచేతనే అరువదియైదేండ్లు దాటినవారు ఇల్లు కదలరాదని 2020 మార్చిలోనే ప్రభుత్వమువారు హితవు చెప్పిరి.

ఆ హితవు మంచిదే. దానివలన ఎన్నియో ప్రాణములు నిలిచినవనుటలో నాకు సంశయము లేదు. కాని దానితోపాటు మన మనస్సులలో నొక తప్పుడు తలంపు నాటుకొన్నది. వృద్ధుడనగా కాపాడబడవలసిన వస్తువు, మూలనుంచవలసిన పాత్ర, లెక్కలో ఎల్లప్పుడును పుచ్చుకొను పక్షమున వ్రాయవలసిన పేరు అని మనము భావించితిమి. మన సంఘశాఖలు చేసిన పట్టికలును అట్టివే. "అరువది దాటినవారు, వారికి బియ్యము, మందులు" అని వ్రాసికొంటిమి. వారు ఇయ్యగలిగినది యేమని ఒక్కరును అడుగలేదు. ఆ పట్టిక వ్రాసినవారిలో నేనును ఒకడను, నాకును అప్పటికి అరువది దాటినవి!

వాస్తవమేమి? ఆ నెలలలో వృద్ధులు ఇచ్చినదానిని చూడుడు. మగ్గములు, సాంచాలు నిలిచిన యెన్నియో యిండ్లలో నెలకు చేతికి వచ్చిన రొక్కము అవ్వకో తాతకో వచ్చు రెండువేల పదునాఱు రూపాయల ఆసరా పింఛనే. ఏబదియేండ్లు దాటిన చేనేతవారికిని ఆ పింఛను వర్తించుచుండెను గదా. 2020 ఏప్రిలులో ప్రభుత్వము తలకు పండ్రెండు కిలోల బియ్యమును, కార్డునకు పదునైదువందల రూపాయలును ఇచ్చెను. బియ్యము వచ్చెను గాని ఉప్పు, పప్పు, నూనె, బిడ్డ మందు, ఫోనుకు రీచార్జి, ఇవన్నియు ముసలివారి పింఛనునుండియే నడచినవి. ఏబదియేండ్ల కొడుకు ఎనుబదియేండ్ల తల్లి కొంగుముడి వైపు చూచిన దినములవి. ఆమె ముడి విప్పెను. ఒక్క మాటయు అనలేదు.

పాఠశాలలు మూతపడినవి. 2020 సెప్టెంబరు 1 నుండి టెలివిజను ద్వారా, ఫోనుల ద్వారా పాఠములు మొదలైనవి. ఇంటిలో నున్న ఒక్క ఫోను పట్టుకొని పనికి పోవు తండ్రి బయటికి పోయిన, పిల్లవానిని పుస్తకము ముందు కూర్చుండబెట్టినది తాతయే. మాస్కులు దొరకని మొదటి దినములలో మన యాడువారు పాత కుట్టుమిషనులు దులిపి, ఇంటిలోని నూలుగుడ్డ కత్తిరించి, వీధివారందఱికిని కుట్టి పంచిరి. వారిలో తలనెఱసినవారు తక్కువ కాదు. టీకా విషయమున జరిగినది మఱియొకటి. 2021 మార్చి 1 నుండి అరువదియేండ్లు దాటినవారికి టీకా వేయ నారంభించిరి. వీధివీధిన భయము వ్యాపించియుండెను. వేయించుకొన్నవారు చత్తురని కొందఱు, కాలుచేతులు పడిపోవునని కొందఱు. అప్పుడు ముందుగా పోయి వేయించుకొని, సాయంకాలము అరుగుమీద కూర్చుండి "నన్ను చూడుడు, నేను బ్రదికియే యున్నాను" అని చెప్పినది ముదుసలులే. వారి భుజము చూచి తక్కినవారు ధైర్యము తెచ్చుకొనిరి.

రామాయణమున జాంబవంతుడు సముద్రమును లంఘింపజాలడు. తాను ముసలివాడనైతినని తానే చెప్పుకొనెను. ఐనను ఆతడు హనుమంతునకు ఆతని బలమును జ్ఞాపకము చేసెను. సేతువునకు పూర్వము, లంకాదహనమునకు పూర్వము, ఆ ముసలివాని మాట కలదు. లంఘించినవానిని మనము పూజింతుము. జ్ఞాపకము చేసినవానిని మఱతుము. మన సంఘపు పట్టికయు నట్లే జాంబవంతుని మఱచినది.

ఇంతవఱకు వృద్ధులు ఇచ్చిన సంగతి. ఇక పుచ్చుకొన్న సంగతి. ఇచ్చటనే నా యొప్పుకోలు.

మహాజనులారా! నేను మా యూరి మార్కండేయుని గుడిలో పండుగ దినములలో పురాణము చెప్పుట మీలో కొందఱెఱుగుదురు. దానమును గూర్చి చెప్పునప్పుడెల్ల నేనొక మాట పలుకుచుండెడివాడను. ఇచ్చు చేయి పైన నుండును, పుచ్చుకొను చేయి క్రింద నుండును. కావున బ్రతికినన్నాళ్లు చేయి పైననే యుండునట్లు చూచుకొనుడు అని. వినువారు తలలూచెడివారు. నాకును ఆ మాట బాగుగనే తోచెడిది.

2020 ఏప్రిలులో మన శాఖవారు చందాలు ప్రోగుచేసి, బియ్యము, పప్పు, నూనె మూటలు కట్టి యింటింటికిని పంచిరి. మా వీధిలో ఎనుబదికి చేరువైన యొక నేతగాడు భార్యతో నుండెను. ఇద్దఱు కొడుకులును భీవండిలో చిక్కుకొనియుండిరి. మన యువకులు వెనుక బ్యానరు పట్టి, ముందు మూట పెట్టి, ఫొటో తీయుటకు సిద్ధపడగా ఆ ముసలివాడు లోనికి పోయి తలుపు వేసికొనెను. యువకులు నొచ్చుకొని నాతో చెప్పిరి. సాయంకాలము నేను పోయి అరుగు క్రింద నిలిచి, "ఏమి బాపూ, మనవారు మనకిచ్చుకొనుటలో తప్పేమి?" అంటిని. ఆతడు నన్ను సూటిగా చూచి, "పంతులూ! గుడిలో నీవు చెప్పిన మాట నేను మఱవలేదు. డెబ్బదియేండ్లుగ నా చేయి పైననే యున్నది. ఇప్పుడు క్రింద పెట్టుమందువా?" అనెను. నాకు సమాధానము తోపలేదు. ముప్పదియేండ్లు సమాసములకు విగ్రహవాక్యములు చెప్పిన నోరు మూతపడెను. ఇంటికి వచ్చితిని.

ఆ చిక్కును విప్పినది నేను కాదు. మా యింటికెదురుగా పూర్వము ప్రభుత్వమున ఎ.ఎన్.ఎం. గా పనిచేసి విశ్రాంతి గొన్న యొక పెద్దమ్మ యుండును. ఆమె మన కులమునకు చెందినది కాదు. నాకంటె పదియేండ్లు పెద్దది. ఆమె మఱునాడు ఆ నేతగాని యింటికి గుడ్డ తాను నొకదానిని పంపి, "అన్నా, కత్తెర పట్టుటకు నా వ్రేళ్లు వణకుచున్నవి. మాస్కులకు ముక్కలు కత్తిరించి పెట్టుము, కుట్టువారున్నారు" అని కబురుచేసెను. ఆతడు రెండు దినములలో నూలుపోగైన వంకర పోకుండ ముక్కలు కత్తిరించి పంపెను. మూడవనాడు ఆమె బియ్యపు మూట పంపగా మాఱుమాట లేక పుచ్చుకొనెను. ఆ వేసవి యంతయు అట్లు జరిగెను. మూట యదే, ఇంటివాడును అతడే. మాఱినది ఒక్కటే: ఆతడు రెండు పక్కలను ఉండెను.

అంతటితో కథ ముగిసియుండిన బాగుండును. 2021 ఏప్రిలులో ఆతనికి జ్వరము తగిలెను. అప్పటికి మాస్కుల పని లేదు. కొడుకులు మరల భీవండికి పోయిరి. దినమును మన యువకుడొకడు ఫోను చేసి "తాతా, ఏమైన కావలెనా?" అని యడుగుచునే యుండెను. ఆతడు "ఏమియు వద్దు బిడ్డా, బాగున్నాను" అని దినమును చెప్పుచునే యుండెను. ఎనిమిదవ దినమున ఆతని భార్య వాకిట నిలిచి కేక వేసెను. వాహనము వచ్చులోపల ప్రాణము పోయెను. ఆమె తరువాత మాతో చెప్పినదేమన, ఆతడు నాలుగు దినములుగా మాటాడుటకే ఆయాసపడుచు, ఫోను వచ్చునప్పుడు మాత్రము లేచి కూర్చుండి, ఊపిరి బిగబట్టి "బాగున్నాను" అనుచుండెనట.

కొడుకులు రాలేకపోయిరి. ఆ దినములలో శవము దగ్గఱకు వచ్చువారే కఱవు. పాడె మోసిన నలుగురిలో ఇద్దఱు మన కులపు యువకులు. మూడవవాడు పురపాలకసంఘపు పారిశుద్ధ్య కార్మికుడు. నాలుగవవాడు మా బజారులో పండ్లమ్ము ముస్లిము యువకుడు. నేను దూరమునుండి చేతులు జోడించి నిలిచితిని. ఇది మన కులమహాసభ. కావుననే ఇచ్చట దీనిని చెప్పవలెనని తోచినది. మన సంఘము మనవారిని చూచుకొనుట ధర్మము. కాని ఆ దినమున మనవానిని మోసిన భుజములలో సగము మనవి కావు. ఆ ఋణము మన లెక్కలో వ్రాసికొనవలెను.

ఆతడు చనిపోవుటకు వ్యాధి కారణము. సత్యమే. కాని ఆతడు ఎనిమిది దినములు దాచుటకు కారణములలో నా మాట యొకటి కాదని నేను చెప్పుకొనలేను. బ్రతికినన్నాళ్లు చేయి పైననుంచుమని నేను చెప్పితిని. ఆతడు ఉంచెను.

దీనిని చూచియైనను నేను నేర్చుకొంటినా? లేదు. పదునైదు దినములు తిరుగకముందే నాకును జ్వరము వచ్చెను. కుమారుడు బెంగుళూరులో నుండెను. నేను భార్యతో, "ఎవరికిని చెప్పవలదు, రెండు దినములలో తగ్గును" అని యాజ్ఞాపించితిని. ఫోను చేసిన శిష్యులకు, "బాగున్నాను నాయనా" అంటిని. నాకే వినబడెను: ఆ ముసలివాని మాటయే నా నోట వచ్చుచున్నదని. ఐనను అంటిని. ఐదవ దినమున నా భార్య నా యాజ్ఞను దాటి ఎదురింటి పెద్దమ్మను పిలిచెను. ఆమె మాస్కు రెండు పొరలు కట్టుకొని, వాకిట నిలిచి, వ్రేలికి తగిలించి ప్రాణవాయువు కొలుచు చిన్న యంత్రమును పళ్లెములో పెట్టి లోనికి త్రోసెను. తొంబదినాలుగునకు తగ్గరాదట. నాకు ఎనుబదితొమ్మిది చూపెను. ఆమె కోపపడలేదు. "పంతులుగారూ, బోరగిల పండుకొనుడు, లేవకుడు, నేను 108కు ఫోను చేయుచున్నాను" అని మాత్రము అనెను. జిల్లా వైద్యశాలలో ఆఱు దినములు ప్రాణవాయువు పెట్టిరి. బ్రదికితిని.

ఆ వ్యాధిలో ఒక మోసము కలదని వైద్యులు చెప్పిరి. రక్తములో ప్రాణవాయువు తగ్గుచున్నను రోగికి కొంతకాలము ఆయాసము తెలియదు. మనస్సు బాగున్నానని చెప్పుచుండగనే శరీరము మునిగిపోవును. కాన "బాగున్నాను" అను మాటను నమ్మరాదు, కొలిచి చూడవలెను. వృద్ధుని యభిమానమును ఇట్టిదే. లోపల తగ్గుచున్నది బయటికి తెలియనీయదు.

నేను పండుకొనియున్న దినములలో నా భార్యకు మూడిండ్లనుండి అన్నము వచ్చెను. ఆమెయు జ్వరముతోనే యుండెను. ఇంటికి వచ్చిన వెనుక చూచితిని: ఆమె దేవుని గూటిలో నొక చిన్న పుస్తకము పెట్టి యుండెను. ఎడమ ప్రక్కన ఏ యింటి గిన్నె యేనాడు వచ్చెనో, కుడి ప్రక్కన దానిని ఏమి వేసి తిరిగి పంపెనో వ్రాసియుండెను. ఒక గిన్నెలో కరివేపాకు, ఒకదానిలో పిడికెడు చక్కెర, ఒకదానిలో రెండు నిమ్మపండ్లు. వ్యాధి తగ్గి, గిన్నెలను వేడినీట కడిగిన పిదప పంపినదట. నేను నవ్వి, "ఇంతటి కష్టములో ఈ లెక్కయేమి?" అంటిని. ఆమె, "గిన్నె ఉత్తగా పంపుదురా?" అనెను. అంతే.

మహాజనులారా! నేను చదివిన ధర్మశాస్త్రములన్నిటిలోను నాకు తట్టని యర్థము ఆ మాటలో తట్టినది. దానమునకు ఆఱు అంగములని మన స్మృతికారులు చెప్పిరి: దాత, ప్రతిగ్రహీత, శ్రద్ధ, ధర్మయుక్తమైన దేయవస్తువు, దేశము, కాలము. నేను ఈ యాఱింటిని ఎన్నిమాఱులు చెప్పితినో లెక్కలేదు. చెప్పునప్పుడెల్ల మొదటిదానియందే నిలిచితిని. రెండవది లేనిదే మొదటిది లేదు. పుచ్చుకొనువాడు దానమునకు అంగము, దానముచేత క్రిందపడినవాడు కాడు. ఇచ్చువాడు సిగ్గుతోను, భయముతోను ఇయ్యవలెనని తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో గురువు శిష్యునకు చెప్పును. సిగ్గు ఇచ్చువానికి విధించిరే గాని పుచ్చుకొనువానికి విధింపలేదు! మనము దానిని తలక్రిందులు చేసితిమి. ఇచ్చువాడు ఫొటోకు ఎదురు నిలిచెను. సిగ్గును పుచ్చుకొనువాని నెత్తిన పెట్టితిమి.

భీష్ముని తలంచుడు. అంపశయ్యపై పడినపుడు తల వ్రేలాడుచుండెను. రాజులు మెత్తని దిండ్లు తెచ్చిరి. ఆతడు వలదనెను. అర్జునుడు బాణములతో దిండు కల్పింపగా సంతోషించి పుచ్చుకొనెను. దాహము వేయగా ఆ యర్జునునే నీరడిగెను, త్రాగెను. ఆపైన ఆ శయ్యమీదనుండియే ధర్మరాజునకు రాజధర్మము మొదలుకొని మోక్షధర్మము వఱకు బోధించెను. నీరు అడిగినంతమాత్రమున పితామహుడు తక్కువయ్యెనా? అడిగి త్రాగెను గనుకనే శాంతిపర్వము మనకు దక్కెనని నేననుకొందును. ఇంకొక సంగతి: ఆతనికి తగిన దిండు ఏదో అర్జునుడు ఎఱిగెను. సాయము చేయువాడు మెత్తని దిండు తెచ్చిన చాలదు. ఆ మనిషికి తగిన దిండు తేవలెను. ఎదురింటి పెద్దమ్మ ఆ నేతగానికి గుడ్డతానును, కత్తెరపనిని పంపినది అట్టి దిండే.

మన వృత్తిలోని మాట చెప్పెదను. పడుగు కదలక నిలుచును, పేక అటునిటు పోవుచుండును. ఏది యెక్కువ? రెండును కలిసినగాని గుడ్డ కాదు. నాడె ఎడమనుండి కుడికి పోయినప్పుడు కుడిచేయి పుచ్చుకొనును. మరుక్షణమున నదియే యిచ్చును. ఒక్క చేతనే నాడెను త్రోయుచుందునని భీష్మించినవాడు గుడ్డ నేయలేడు.

కావున ఈ మహాసభవారికి నేను కొన్ని విన్నపములు చేయుచున్నాను. ఇవి నా పాండిత్యమునుండి వచ్చినవి కావు, నా భార్య పుస్తకమునుండి వచ్చినవి.

మొదటిది. ప్రతి శాఖయందును అరువది దాటినవారి పేర్లతో నొక పుస్తకముండవలెను. ప్రతి పేరునకు ఎదురుగా రెండు గడులుండవలెను: ఒకటి "ఏమి కావలెను", రెండవది "ఏమి ఇయ్యగలరు". ఒకరు లెక్కలు వ్రాయగలరు, ఒకరు కండెలు చుట్టగలరు, ఒకరు ఫోనులో పదిమందిని పలుకరింపగలరు, ఒకరు బాలింతకు పథ్యము చెప్పగలరు. అట్లని రెండవ గడి ఖాళీగా నున్నవారికి సాయము తగ్గింపరాదు. మంచము పట్టినవాడు, మతి తప్పినవాడు ఏమియు ఇయ్యలేకపోవచ్చును. ఆతడు ఇదివఱకే ఇచ్చియున్నాడు. ఆతని గడిలో ఆ మాటయే వ్రాయుడు. పుస్తకము ఆపద వచ్చిన వెనుక వ్రాయుట కాదు, ఇప్పుడే వ్రాయవలెను.

రెండవది. ఆపత్కాలమున దినమునకొకమాఱు పలుకరింపు. "ఏమైన కావలెనా?" అని యడుగకుడు. ఆ ప్రశ్నకు వృద్ధుడు చెప్పు సమాధానము నేనెఱుగుదును. "ఉదయము ఏమి తింటిరి? జ్వరము కొలిచితిరా, ఎంత యున్నది? గది ఈ కొసనుండి ఆ కొసకు నడచిన ఆయాసము వచ్చెనా? వ్రేలికి యంత్రము పెట్టి చూచితిరా?" అని యడుగుడు. ఇంటివారినొకరినిగూడ వేఱుగ అడుగుడు. 2021 మేలో మన రాష్ట్రమున ఆశా కార్యకర్తలును, ఎ.ఎన్.ఎం.లును ఇల్లిల్లు తిరిగి జ్వరసర్వే చేసిరి. వారడిగినది ఇట్టి ప్రశ్నలే. వాకిట నిలిచి అడిగి, మందుల పొట్లము అక్కడికక్కడనే యిచ్చిపోయిరి. మన నేతగానికి ఆ సర్వే పది పండ్రెండు దినములు ఆలస్యమైనది.

మూడవది. పుచ్చుకొనువాని ఫొటో తీయరాదు. ఈ సంచికయందు దాతల చిత్రములు అచ్చుపడుచున్నవి. అది యుచితమే, వారిని చూచి ఇంకొకరు ఇత్తురు. కాని మూట అందుకొనుచున్న ముసలి చేయి ఏ పత్రికలోను, ఏ ఫోనులోను కనబడరాదని ఈ సభ తీర్మానింపవలెను. పోషకులైన పెద్దలు నన్ను మన్నింతురుగాక! మీ దానమున లోపము లేదు. బ్యానరు లోపము.

నాలుగవది. మన పుస్తకము మన వీధికంతటికిని వర్తింపవలెను, మన కులమునకు మాత్రమే కాదు. నన్ను బ్రదికించిన యామె మన కులము కాదు. మన నేతగానిని మోసిన ఇద్దఱును మన కులము కాదు. ఇంతకంటె దీనికి వేఱు వాదము నాకు తెలియదు.

ఐదవది చిన్నది. వృద్ధుల కష్టములు వినుటకు ప్రభుత్వమువారు 14567 అను ఫోను సంఖ్యను ఏర్పాటు చేసిరి. దానిని పెద్ద యక్షరములతో వ్రాసి ప్రతి యింటి గోడమీద అంటింపుడు. టీకా పేర్లు ఫోనులో నమోదు చేయవలసి వచ్చినప్పుడు మా వీధి ముదుసలులకు మనుమలే దిక్కైరి. ఎదురింటి పెద్దమ్మకు, వైద్యవృత్తిలో తలపండినదైనను, ఆ పని రాలేదు. నేను చేసిపెట్టితిని. ఆమె నాకు ఋణపడలేదు, నేను ఆమెకు ఋణము తీర్చుకొనను లేదు. అట్టి ఋణములు తీరవు, తీరనవసరము లేదు.

నా యీడువారితో నొక్క మాట. మనము ఇచ్చి ఇచ్చి అలవాటుపడినవారము. బిడ్డలకిచ్చితిమి, తోబుట్టువులకిచ్చితిమి, సంఘమునకిచ్చితిమి. పుచ్చుకొనుట మనకు చేతకాదు. అది చేతకాకపోవుట గొప్పతనమని యింతకాలము నేను చెప్పుచు వచ్చితిని. తప్పు. జ్వరము వచ్చినచో చెప్పుడు. ఆయాసమున్నచో చెప్పుడు. బియ్యము లేనిచో చెప్పుడు. మీరు చెప్పనిచో ఇయ్యగోరువాని చేయి గాలిలో నిలిచిపోవును. ఆతని ధర్మమునకు మీరు అడ్డుపడినవారగుదురు.

యువకులారా! ముసలివాడు వద్దనిన వెళ్లిపోకుడు. మీరు చిన్ననాడు అన్నము వద్దనగా మీ యవ్వ ఎన్నిమాఱులు అడిగెనో జ్ఞాపకము చేసికొనుడు.

ఆ నేతగాని భార్య ఇప్పటికిని మా వీధిలో నున్నది. చిన్నకొడుకు భీవండి విడిచి వచ్చి తల్లికడనే యున్నాడు. పోయిన పండుగనాడు నేను గుడిలో పురాణము ముగించి వచ్చుచుండగా ఆమె పిలిచి నా చేతిలో నొక గిన్నె పెట్టెను. అందు సకినములు. ఇదివఱకటి నేనైతినా, వద్దమ్మా అందును. రెండు చేతులు చాచి పుచ్చుకొంటిని. గిన్నె నా భార్యకిచ్చితిని. మఱునాడది తిరిగిపోయెను, ఉత్తగా పోలేదు.

 నా విన్నపములను సభ ముందుంచి, తీర్మానరూపమున స్వీకరింపవలసినదిగా అధ్యక్షులను ప్రార్థించుచు విరమించుచున్నాను.

స్వస్తి.